వంతెన అదిరిందా, ఊగిందా?

నిన్న గుంతకల్లు స్టేషన్‌లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. బండి దిగిన జనమంతా ఒక్కసారిగా ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కారు. నేను మధ్యలో కమ్మీకి ఆనుకుని టీ తాగుతున్నా. కాగితం కప్పులో టీ మీద సన్నగా ముడతలు లేచాయి, అరికాళ్ళకు జివ్వుమని తెలుస్తోంది. పక్కనే ఒక అవ్వ "బ్రిడ్జి ఊగుతాంది నాయనా" అంది. ఆమె మనవడు "ఊగేది కాదవ్వా, అదురుతాంది" అన్నాడు. ఎవరి మాట సరైంది? మన భాషా గ్రూపులో వాళ్ళంతా నిఘంటువులు తిరగేయకుండా, మీ ఊళ్ళో ఎట్లా అంటారో చెప్పండి.

— కర్నూలు నుంచి:
రెండూ ఒకటి కాదన్నా. లారీ పోతే కిటికీ అద్దం అదురుతుంది, ఊగదు. ఉయ్యాల ఊగుతుంది, అదరదు. కన్ను అదిరిందంటాం గానీ ఊగిందని ఎవరన్నా అంటారా? అదరడం చిన్నది, గబగబా జరిగేది. కంటికి కనబడేలోపే ఒంటికి తెలుస్తుంది. ఊగడం పెద్దది, నిదానం. బ్రిడ్జి ఊగి ఉంటే నీ టీ ఒక పక్కకు ఒరిగేది. ముడతలు పడ్డాయంటే మనవడిదే కరెక్టు.

— ప్రొద్దుటూరు నుంచి:
మరి సినిమా అదిరిపోయిందంటే?

— కర్నూలు నుంచి:
అక్కడ అదిరేది మన గుండె తమ్ముడూ, సినిమా కాదు. టాపిక్ మార్చొద్దు.

— అనంతపురం, రిటైరైన ఫిజిక్స్ మాస్టారు:
మా తెలుగు మీడియం పుస్తకంలో ఈ రెండు మాటలూ లేవు. కంపనం, డోలనం, పౌనఃపున్యం, అనునాదం ఉండేవి. 'బలాత్కృత కంపనాలు', అంటే బయటి తోపుతో వచ్చే అదురు, అని బోర్డు మీద రాయగానే వెనక బెంచీలో కిసుక్కుమనేవాళ్ళు. అది పలికించడానికే పీరియడ్ సగం అయిపోయేది. అదురు, ఊగు అని చెప్పి ఉంటే పది నిమిషాల్లో ఎక్కేది.

విషయం ఇది. మనిషి మామూలుగా సెకనుకు ఇంచుమించు రెండడుగులు వేస్తాడు. ప్రతి అడుగూ నేలను కిందికి నొక్కుతుంది, అంటే కిందికి సెకనుకు రెండు నొక్కులు. అయితే ఎడమకాలు వంతెనను ఒక పక్కకు నెడితే, కుడికాలు రెండో పక్కకు నెడుతుంది. ఆ పక్క ఊపు ఒక చుట్టు తిరగడానికి రెండడుగులు కావాలి, కాబట్టి అది సెకనుకు ఒక్కసారే. అంటే ఒకే నడకలో అదురూ ఉంది, ఊగూ ఉంది. వంతెనకు తనదైన ఊపు ఒకటి ఉంటుంది. అడుగుల లెక్క దానికి కలిసినప్పుడు పెరిగేదే అనునాదం.

1831లో ఇంగ్లండులో బ్రౌటన్ దగ్గర వేలాడే వంతెన మీద సైనికులు కవాతు చేస్తూ పోతుంటే అది కూలింది. వంతెన మీద అడుగులు కలపకుండా నడవమనే ఆర్డరు ఆ తర్వాతే సైన్యంలో వచ్చింది. 1850లో ఫ్రాన్సులో ఆంజే వంతెన కూలి 200 మందికి పైగా సైనికులు పోయారు. అక్కడ గాలివానా ఉంది, తుప్పు పట్టిన తీగలూ ఉన్నాయి. తప్పంతా అడుగులదే అనలేం.

— కడప నుంచి, బ్రిడ్జి పనుల్లో ఉంటాను:
సార్, కవాతు అక్కర్లేదు. 2000 జూన్ 10న లండన్‌లో థేమ్స్ మీద మిలీనియం ఫుట్‌బ్రిడ్జి తెరిచారు. వచ్చింది మామూలు జనం, చూడటానికి వచ్చినవాళ్ళు. పక్కకు ఊగడం మొదలైంది, జనం కమ్మీలు పట్టుకున్నారు, కాళ్ళు ఎడంగా పెట్టి నడిచారు. రెండు రోజుల్లో మూసేశారు. ఊపును మింగే డాంపర్లు బిగించి 2002 ఫిబ్రవరిలో మళ్ళీ తెరిచారు. కూలలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఊగిందంతే.

మొదట చెప్పిన కారణం ఏమంటే, జనం తెలియకుండానే అడుగులు కలిపారు, దాంతో ఊగింది అని. 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ అనే సైన్సు పత్రికలో వచ్చిన పేపరు దాన్ని తిరగేసింది. అడుగులు కలవక్కర్లేదట. కాళ్ళ కింద నేల కొంచెం కదిలితే ప్రతివాడూ తూలకుండా కాలు కాస్త ఎడంగా వేస్తాడు. ఎవడి లెక్క వాడిదే అయినా, ఆ నిలదొక్కుకోవడమే వంతెనకు చిన్న తోపు అవుతుంది. జనం కొద్దిగా ఉన్నంతవరకు ఏమీ తెలియదు. ఒక సంఖ్య దాటగానే ఊపు ఉన్నట్టుండి పెరుగుతుంది. అడుగులు కలిస్తే ఆ తర్వాత కలుస్తాయి.

— కర్నూలు నుంచి:
ఇదీ భాషా గ్రూపుకు తగిన మాట! ఆగు-ఆపు, రేగు-రేపు లాగే ఊగు-ఊపు. ఇప్పుడు చెప్పండి, జనం వంతెనను ఊపారా, వంతెన జనాన్ని ఊపిందా? మన వాక్యంలో కర్త ఎవరు?

— కడప నుంచి:
రెండూనన్నా. అందుకే ఆపడం కష్టం.

— కళ్యాణదుర్గం నుంచి, ఒక అక్క:
మీరంతా వంతెనల మీదే ఉన్నారు. మూడో మాట మరిచిపోయారు, తొణుకు. చిన్నప్పుడు బోరు దగ్గర నుంచి చంకన బిందె పెట్టుకుని వచ్చేవాళ్ళం. నిండుకుండ తొణకదంటారు గానీ, మెడదాకా పోసిన బిందె నాలుగు అడుగులకే ఎగిరి జాకెట్టు తడిపేది. మా అమ్మ నీళ్ళ మీద ఒక వేపరెమ్మ వేసేది. అట్లా వేస్తే తొణుకు తగ్గుతుంది. అయినా ఎగురుతుంటే నిలబడి, ఇంకో కాలితో మొదలుపెట్టేదాన్ని. ఎవరూ చెప్పలేదు, దానంతట అదే వచ్చింది.

— అనంతపురం మాస్టారు:
అమ్మా, కడపాయన చెప్పిన డాంపరు మీ వేపరెమ్మే. అట్లా ఊపు అణిగేవాటిని మా పుస్తకంలో 'అవరుద్ధ డోలనాలు' అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళు ఆ మాటతో పాఠం చెప్పాను, రెమ్మ గుర్తుకు రాలేదు.

— గుంతకల్లు, మొదట అడిగినవాణ్ణి:
ఒక సంగతి చెప్పడం మరిచాను. అవ్వ నెత్తిన బియ్యం మూట ఉండింది. చేత్తో పట్టుకోలేదు, మెడతోనే నిలిపింది. నా అరికాలి కింద సన్నగా అదిరింది ఆమె నెత్తి మీదికి పోయేసరికి మూట అటూ ఇటూ ఒరిగినట్టుంది. ఒక చెయ్యి కమ్మీ కోసం చాపింది కూడా.

— కర్నూలు నుంచి:
అది ముందే చెప్పాలి కదన్నా! అవ్వకు కోసిన మార్కులు తిరిగి ఇచ్చేస్తున్నా.