బెత్లెహెమ్ ‘డార్క్ మెటల్’ (1994): ఇదే దారిలో ఇంకేం వినాలి?

నల్లమల_94:
అందరికీ నమస్తే. జర్మనీ బ్యాండ్ బెత్లెహెమ్ మొదటి ఆల్బమ్ ‘డార్క్ మెటల్’ ఈమధ్య రాత్రిళ్లు వదలకుండా వింటున్నాను. బ్లాక్ మెటల్ అరుపు, డూమ్ మెటల్ నిదానపు, బరువైన నడక, మధ్యలో డిస్టార్షన్ లేని గిటార్. ఇలాంటివి ఇంకేమున్నాయి? సీడీ బయటి దేశం నుంచి తెప్పించుకోవచ్చా? ఇయర్‌ఫోన్లలో బేస్ ముద్దగా వినిపిస్తోంది, ఏం చెయ్యాలి?

క్యాసెట్_కాలం:
దయచేసి దీన్ని బ్లాక్ మెటల్ అనకండి. బ్లాక్ అంటే వేగం. అదే 1994లో మేహెమ్ ‘డి మిస్టీరిస్ డోమ్ సథానాస్’ వచ్చింది. ఆ డ్రమ్స్ విని, తర్వాత ఇది వినండి. ఇది డూమ్. గొంతు ఒక్కటే అటువైపుది.

ఓరుగల్లు_డ్రమ్మర్:
గట్లెట్లంటవన్నా? స్విట్జర్లాండోళ్లు సమాయెల్ 1991లనే ‘వర్షిప్ హిమ్’ తెచ్చిండ్రు. ఎక్కువ భాగం నిదానంగనే ఉంటది. అది బ్లాక్ కాదా? ఇంకో ముచ్చట. వేగం సాధనతోటి వస్తది. నిమిషానికి 50 బీట్ల కాడ దెబ్బకూ దెబ్బకూ నడుమ ఖాళీని పట్టి ఉంచుడే అసలు పని. మెట్రోనోమ్ బంద్ చేసి కొట్టి సూడు, చెయ్యి దానంతటదే ముందుకు ఉరుకుతది.

ప్రతిమధ్యమం:
డ్రమ్మర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. చౌకకాలంలో, అంటే బాగా నిదానంగా, వర్ణం పాడితేనే మనిషి లయ బయటపడుతుంది. డూమ్‌కి పునాది వేసిన 1970 నాటి ‘బ్లాక్ సబ్బాత్’ పాట రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) చూడండి: షడ్జం, పైస్థాయి షడ్జం, అక్కడి నుంచి ప్రతిమధ్యమానికి దిగి ఆగుతుంది. వింటే నాకు శుభపంతువరాళి గుర్తొస్తుంది.

విశాఖ_బేస్:
రెండు స్వరస్థానాలకి రాగం పేరా? శుభపంతువరాళి 45వ మేళకర్త. శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం ఇవన్నీ ఎక్కడ? ప్రతిమధ్యమం 36 మేళకర్తల్లో ఉంది, అన్నీ గుర్తు రావాలి కదా. నేను కాలేజీ నుంచి బేస్ వాయిస్తున్నా, బ్యాండ్లకి మిక్సింగ్ చేస్తున్నా. ఆ రిఫ్‌లో గమకం అనేదే లేదు.

ప్రతిమధ్యమం:
గమకం లేదా? ఆ ప్రతిమధ్యమం మీద బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ వేళ్లతో ఆడించేది ఏమిటండీ? మిక్సింగ్ చేసే చెవికి అది కూడా వినపడలేదా? అది శుభపంతువరాళి అని నేను అనలేదు, గుర్తొస్తుంది అన్నాను.

విశాఖ_బేస్:
అది ట్రిల్, రెండు పక్క స్వరాల మధ్య వేగంగా మారడం. గమకం వేరు. తెలియకపోతే అడగండి, చెప్తాను.

ప్రతిమధ్యమం:
మీ దగ్గర నేర్చుకోవాల్సిన అవసరం లేదు.

డ్యూసెల్‌డార్ఫ్_తెలుగు:
బెత్లెహెమ్ గురించి మాట్లాడదామా? వాళ్ల ఊరు గ్రెవెన్‌బ్రోయిచ్ మాకు దగ్గరే. ఆ పక్కనంతా లిగ్నైట్ బొగ్గు ఓపెన్‌కాస్ట్ గనులు, పవర్ ప్లాంట్లు. గార్జ్‌వైలర్ గని అంచున ఒకసారి నిలబడితే ఈ ఆల్బమ్ ఎక్కడ పుట్టిందో అర్థమవుతుంది.

ఖని_పోరడు:
అన్నా, మాది గోదావరిఖని. ఓపెన్‌కాస్ట్ పక్కనే పెరిగిన. బ్లాస్టింగ్ అయితే ఇంట్ల గిన్నెలు అదురుతయ్. మా నాయన షిఫ్ట్ దిగొచ్చి జానపదాలు పెట్టుకుంటుండె, మా గల్లీల ఎవ్వలూ డూమ్ వాయించలే. బొగ్గుల నుంచి సంగీతం పుట్టిందనేది చూసిపొయ్యేటోళ్ల మాట. కారణం కావాల్నంటే అయోమీది చెప్పు: బర్మింగ్‌హామ్‌ల రేకుల ఫ్యాక్టరీల వేళ్ల కొసలు తెగినయ్. నొక్కనీకి అలకగ ఉండాలని తీగలు వదులు చేసిండు. 1971 ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ల ఆ బరువు అట్ల వచ్చింది. గది పని చేసే మనిషి కథ.

డ్యూసెల్‌డార్ఫ్_తెలుగు:
మీ నాన్నగారి గురించి నేనేం అనలేదు తమ్ముడూ. ఊరి గాలి పాటలోకి రాదంటే మాత్రం ఒప్పుకోను.

గోదారి_రాత్రి:
నేను ‘గమ్మో’ (1997) సినిమా సౌండ్‌ట్రాక్ నుంచి వీళ్ల దగ్గరికి వచ్చాను. ఆ పాటలు రెండో ఆల్బమ్ ‘డిక్టియుస్ తే నెకారే’ (1996)వి. అందులో రైనర్ లాండ్‌ఫెర్మన్ గొంతు వింటే నిద్ర పట్టదు. మొదటి ఆల్బమ్‌లో ఆండ్రియాస్ క్లాసెన్ పాడాడు. నా మటుకు క్లాసెనే గొప్ప, నొప్పిని దాచుకుంటూ పాడతాడు. అడిగారు కాబట్టి: కటటోనియా ‘డాన్స్ ఆఫ్ డిసెంబర్ సోల్స్’ (1993), ఇటలీ బ్యాండ్ ఫర్‌గాటెన్ టూంబ్ ‘సాంగ్స్ టు లీవ్’ (2002), డెన్మార్క్ నుంచి ఒక్కడే అన్నీ వాయించే నార్ట్. నార్ట్ అన్నిటికంటే నిదానం.

ఓరుగల్లు_డ్రమ్మర్:
నార్ట్ పేరు తీసినవ్, దండం నీకు. ఆయన ‘గాల్గెన్‌ఫ్రిస్ట్’ ఆల్బమ్ లైట్లు బంద్ చేసి ఇనాలె.

నల్లమల_94:
గోదారి_రాత్రి గారూ, చాలా థ్యాంక్స్. సీడీ, ఇయర్‌ఫోన్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

విశాఖ_బేస్:
ఈక్వలైజర్‌లో 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్య కొంచెం తగ్గించు. కింద 60 జోలికి పోకు. గిటార్, బేస్ ఒకదాని మీద ఒకటి పడేది అక్కడే. ముందు ఇయర్‌ఫోన్ రబ్బరు చెవికి సరిగ్గా పట్టిందో లేదో చూడు, పట్టకపోతే ఏం చేసినా దండగ.

క్యాసెట్_కాలం:
సమాయెల్ ఆల్బమ్ మళ్లీ విన్నాను. నిదానమే, కానీ ఆ రిఫ్‌లలో కోపం ఉంది, బెత్లెహెమ్‌లో ఉన్నది దుఃఖం. డూమ్ అన్న మాట మీదే ఉంటాను.