గిఫ్టెడ్ పిల్లల బడి బోర్డులోకి రమ్మంటున్నారు, ఒప్పుకునే ముందు ఏం చూసుకోవాలి?

ఫ్రిస్కో అమ్మ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి నాలుగో తరగతి. రెండేళ్ల క్రితం పబ్లిక్ స్కూల్ మాన్పించి, గిఫ్టెడ్ పిల్లల (వయసుకు మించిన తెలివి ఉన్నవాళ్ల) కోసమే నడిచే ఒక చిన్న ప్రైవేటు బడిలో చేర్చాం. లాభాపేక్ష లేని సంస్థ, 501(సి)(3), అంటే ఫెడరల్ పన్ను మినహాయింపు ఉన్నది. మొత్తం 140 మంది పిల్లలు. పాత బడి రోజుల్లో పొద్దున్నే కడుపునొప్పి అని ముసుగు తన్నే పిల్ల, ఇప్పుడు శనివారం కూడా బడి ఉంటే బాగుండు అంటోంది. ఆ బడికి నా వంతుగా ఏదైనా చేయాలని చాలా రోజులుగా ఉంది.

పోయిన వారం బోర్డు అధ్యక్షురాలు కాఫీకి పిలిచి, మూడేళ్లు బోర్డులో ఉంటారా అని అడిగారు. నాది ఐటీలో డేటా పని, అలాంటివాళ్లు కావాలన్నారు. మొహమాటానికి అక్కడే సరే అనబోయి, ఇంట్లో మాట్లాడి చెప్తానని వచ్చేశాను. నెలకు ఎంత సమయం పడుతుంది? మన చేతి డబ్బు ఎంత పెట్టాలి? బడి మీద కేసు పడితే మా ఇంటి మీదకు వస్తుందా? నేనింకా హెచ్1బి మీదే ఉన్నాను, దానితో ఇబ్బందా? ఇంకో మాట కూడా ఉంది. లెక్కల క్లాసు ఇంకాస్త వేగంగా నడపాలని మా తల్లిదండ్రుల్లో చాలామందికి ఉంది. బోర్డులో ఉంటే ఆ పని చేయించగలనా?

బెల్‌వ్యూ నాన్న

అమ్మా, ఇలాంటి బడి బోర్డులోనే ఆరేళ్లు పనిచేశాను, రెండు విడతలు. మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే నేనూ ఆ ఆశతోనే చేరాను. లెక్కల క్లాసు విషయంలో బోర్డు సభ్యురాలిగా మీరు చేయగలిగేది దాదాపు ఏమీ లేదు. ఇప్పుడు తల్లిగా టీచరుకు ఒక మెయిల్ రాసి అడగొచ్చు. బోర్డులో చేరాక ఆ మెయిల్‌కే నాలుగుసార్లు ఆలోచించాలి. మీరు ఎంత మర్యాదగా రాసినా, తన బాస్‌కు బాస్ రాసినట్టే ఆ టీచరు చదువుకుంటారు.

బోర్డు నియమించేది ఒక్కరినే, హెడ్ ఆఫ్ స్కూల్‌ని. టీచర్లు, పాఠాలు, ఎవరిని ఏ గ్రూపులో వేయాలి అన్నవన్నీ ఆ హెడ్ చూసుకుంటారు. హెడ్‌ను ఎంచుకోవడం, ఏటా పనితీరు చూడటం, బడ్జెట్ ఆమోదించడం, ఫీజు ఎంతో తేల్చడం, బడి ఏ ఆశయంతో పుట్టిందో అది దారి తప్పకుండా చూడటం బోర్డు పని. ఒక్క సభ్యుడిగా మీకు ఏ అధికారమూ ఉండదు. అందరూ కూర్చుని ఓటు వేస్తేనే అది బోర్డు మాట. మనకు గుడి కమిటీలు, ఉగాది కార్యక్రమాలు అలవాటు. అక్కడ కుర్చీలు వేసేదీ మనమే, మైకు సరిచేసేదీ మనమే, వంటవాడితో మాట్లాడేదీ మనమే. ఆ అలవాటుతోనే నేను మొదటి ఏడాది రెండుసార్లు నేరుగా టీచర్లతో మాట్లాడి హెడ్‌ను ఇబ్బంది పెట్టాను. తర్వాత వెళ్లి క్షమాపణ చెప్పాను.

నాకు అన్నిటికంటే కష్టమైంది సమయమూ కాదు, డబ్బూ కాదు. గుట్టు.

మా వాడు ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఫిబ్రవరిలో ఎగ్జిక్యూటివ్ సెషన్ పెట్టారు. అంటే బయటివాళ్లెవరూ లేకుండా సభ్యులే కూర్చునేది. చేరికలు తగ్గాయి, వచ్చే ఏడాది రెండు టీచరు పోస్టులు తీసేయక తప్పదు అన్నారు. అందులో ఒకరు మా వాడికి ప్రాణమైన సైన్స్ టీచరు. టీచర్లకు ఏప్రిల్‌లో చెప్పేదాకా ఎవరికీ తెలియకూడదు. ఆ రెండు నెలలు మా ఆవిడ నా ఎదురుగా కూర్చుని, వచ్చే ఏడాది ఆవిడ దగ్గర రోబోటిక్స్‌లో వేద్దాం అని ప్లాన్లు వేస్తుంటే తల ఊపాను. మూడు తెలుగు కుటుంబాలం కలిసి కార్‌పూల్ చేసేవాళ్లం. ఒక ఆదివారం భోజనాల దగ్గర స్నేహితుడు అడిగాడు, "ఆవిడ వెళ్లిపోతోందట, నిజమేనా? నువ్వు బోర్డులో ఉన్నావుగా" అని. "బోర్డు సంగతులు మాట్లాడలేను" అన్నాను. అంతకుముందు వారం ఫీల్డ్ ట్రిప్ గురించి అడిగితే ఉన్నదంతా చెప్పినవాణ్ణి, ఇప్పుడు హఠాత్తుగా అలా అనేసరికి అతనికి అర్థమైపోయింది. వార్త బయటికొచ్చాక మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అందుకని మీకు రెండు మాటలు. చేరకముందే మీ ఆయనకు చెప్పండి, నీకు కూడా చెప్పలేనివి ఉంటాయి అని. దానికి ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే ముందుకెళ్లండి. రెండోది, బడి గురించి ఎవరు ఏది అడిగినా మొదటి రోజు నుంచీ ఒకే జవాబు ఇవ్వండి: "హెడ్ గారిని అడగండి". దాచాల్సింది ఏమీ లేని విషయానికి కూడా అదే మాట. అప్పుడే నిజంగా దాచాల్సింది వచ్చినప్పుడు మీ మౌనం చూసి ఎవరూ ఏమీ పసిగట్టలేరు.

సమయం సంగతి. నాకు నెలకో మీటింగు రెండు గంటలు, దానికి ముందు కాగితాలు చదవడానికి ఇంకో రెండు మూడు గంటలు, పైన ఏదో ఒక కమిటీ. మొత్తం ఎనిమిది పది గంటలు అయ్యేది. కొత్త హెడ్‌ను వెతికిన ఏడాది దానికి రెట్టింపు.

డబ్బు విషయం మొహమాటం లేకుండా అడగండి. ఇలాంటి బడుల్లో ప్రతి సభ్యుడూ ఏటా ఎంతో కొంత విరాళం ఇవ్వాలని ఆశిస్తారు. గ్రాంటు కోసం ఫౌండేషన్ల దగ్గరికి వెళ్తే, మీ బోర్డులో నూటికి నూరు మందీ ఇచ్చారా అని వాళ్లు అడుగుతారు. కొన్ని చోట్ల ఇంత అని అంకె ఉంటుంది, కొన్ని చోట్ల మీ శక్తి కొద్దీ అంటారు. ఇతరుల దగ్గర విరాళాలు అడగాలా, విరాళాల కోసం పెట్టే గాలా విందులో టేబుల్ కొనాలా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి.

న్యూజెర్సీ అకౌంటెంట్

నేను లాభాపేక్ష లేని సంస్థల ఆడిట్లు చేస్తాను. అన్నగారు మనసు సంగతి చెప్పారు, నేను కాగితాల సంగతి చెప్తాను.

సరే అనకముందు గత మూడేళ్ల ఫారం 990 చూడండి. ఈ సంస్థలు ఏటా ఐఆర్ఎస్‌కు, అంటే ఫెడరల్ పన్నుల శాఖకు, ఇచ్చే రిటర్ను అది. ఎవరైనా చూడొచ్చు. ప్రోపబ్లికా వాళ్ల నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌లో బడి పేరు కొడితే ఉచితంగా వస్తుంది. ఆరో భాగంలో ప్రయోజనాల ఘర్షణ (సభ్యుల సొంత లాభం, బడి మేలు ఢీకొనడం) మీద రాతపూర్వక విధానం ఉందా, మీటింగుల మినిట్స్ రాస్తున్నారా అన్న ప్రశ్నలుంటాయి. వాటికి "లేదు" అని ఉంటే ఎందుకు లేదో అడగండి. ఏడో భాగంలో బోర్డు సభ్యుల పేర్లు ఉంటాయి. రేపు మీ పేరూ అక్కడ అందరికీ కనిపిస్తుంది, అది తెలిసే చేరండి.

తర్వాత ఆడిట్ రిపోర్టు అడగండి. అందులో నేను ముందు చూసేది నగదు, దాని పక్కనే డిఫర్డ్ రెవెన్యూ. బడులు వచ్చే ఏడాది ఫీజు ఫిబ్రవరి, మార్చి నుంచే కట్టించుకుంటాయి. ఆ డబ్బు బ్యాంకులో ఉంటుంది కానీ బడి ఇంకా సంపాదించలేదు, అది అప్పు లాంటిది. జూన్ 30న లెక్కలు ముగిసే బడి అనుకుందాం. ఆ రోజు బ్యాంకులో 6 లక్షల డాలర్లు ఉండి, ముందే తీసుకున్న ఫీజు 9 లక్షలుంటే, వచ్చే ఏడాది పిల్లల డబ్బుతో ఈ ఏడాది జీతాలు ఇచ్చేశారని అర్థం. బయటికి బడి కళకళలాడుతూనే ఉంటుంది. ఒక్క ఏడాది చేరికలు పడిపోతే మాత్రం జనవరికల్లా జీతాలకు వెతుక్కోవాలి. అలాగే కొత్త భవనానికని ఇచ్చిన విరాళాన్ని జీతాలకు వాడకూడదు, కాబట్టి మొత్తం అంకె చూసి ధైర్యపడొద్దు. షరతులు లేని డబ్బు ఎన్ని నెలల ఖర్చుకు సరిపోతుందో అడగండి.

ఇక కేసుల భయం. 1997 నాటి వాలంటీర్ ప్రొటెక్షన్ యాక్ట్ అనే ఫెడరల్ చట్టం జీతం లేకుండా పనిచేసే వాలంటీర్లకు కొంత రక్షణ ఇస్తుంది. కానీ తెలిసి చేసిన తప్పుకు, ఘోరమైన నిర్లక్ష్యానికి ఆ రక్షణ లేదు. కేసు వేయకుండా ఎవరినీ ఆపదు కూడా, లాయరు ఖర్చు ఎలాగూ ఉంటుంది. అందుకే బడికి డి అండ్ ఓ ఇన్సూరెన్స్ (బోర్డు సభ్యుల మీద పడే కేసులకు బీమా) ఉందా, ఎంతకు ఉంది, ఉద్యోగుల ఫిర్యాదులు కూడా అందులో వస్తాయా అని అడగండి. పాలసీ కాపీ చూపించమనండి. జీతాల్లో కోసిన పన్ను ప్రభుత్వానికి కట్టకపోతే ఆ భారం బాధ్యుల సొంత జేబు మీదకు వస్తుంది. రోజువారీ ఆర్థిక పనుల్లో చేయి పెట్టని, విషయం తెలియని గౌరవ సభ్యులకు మామూలుగా మినహాయింపు ఉంది. తెలిసీ ఊరుకుంటే అది పోతుంది. కాబట్టి పేరోల్ పన్నులు కట్టారా అని ఏటా ఒకసారి అడిగి, అడిగినట్టు మినిట్స్‌లో రాయించండి.

మీరు పెట్టిన సమయానికి పన్ను మినహాయింపు రాదు. బోర్డు పని మీద కారు నడిపితే మైలుకు 14 సెంట్లు చూపించుకోవచ్చు.

ఆస్టిన్ నుంచి

హెచ్1బి గురించి, నేనూ అదే వీసాలో ఉండగా ఒక సంస్థ బోర్డులో పనిచేశాను. ఎవరికీ ఎప్పుడూ జీతం ఇవ్వని స్వచ్ఛంద పదవి అయితే మామూలుగా ఇబ్బంది ఉండదని మా లాయరు చెప్పారు. ఇబ్బంది అంతా ప్రతిఫలం దగ్గర వస్తుంది. గౌరవ వేతనం, గిఫ్ట్ కార్డు, ముఖ్యంగా "బోర్డు సభ్యుల పిల్లలకు ఫీజులో తగ్గింపు" లాంటివి ఏవీ తీసుకోవద్దు. మీ కంపెనీ ఇమిగ్రేషన్ లాయరుకు ఒక మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు దగ్గర ఉంచుకోండి. బయటి బోర్డుల గురించి ముందే చెప్పాలని కొన్ని కంపెనీల నియమాల్లో ఉంటుంది, హెచ్ఆర్‌ను కూడా అడగండి.

హ్యూస్టన్ టీచరు

గిఫ్టెడ్ క్లాసులు పదేళ్లు చెప్పాను. ఈ బడులకు మాత్రమే ఉండే ఒక చిక్కు ఉంది, అది ఎవరూ చెప్పలేదు. గిఫ్టెడ్ పిల్లలకు ప్రత్యేక చదువు ఇచ్చి తీరాలని ఫెడరల్ చట్టం ఏదీ లేదు. 1988 నాటి జావిట్స్ చట్టం గ్రాంట్లు ఇస్తుందంతే. మన టెక్సాస్‌లో రాష్ట్ర చట్టం ప్రకారం ప్రతి డిస్ట్రిక్టూ ఈ పిల్లలను గుర్తించి ఏదో ఒక కార్యక్రమం నడపాలి, కానీ అది వారానికి ఒక పూట కావచ్చు. అది సరిపోని పిల్లలు మీ బడికి వస్తారు. అలాంటి పిల్లలు ఏ ఊళ్లోనైనా కొద్దిమందే. చేరికలు తగ్గిన ఏడాది, ప్రవేశానికి పెట్టిన ఐక్యూ హద్దు కాస్త దించుదాం అన్న మాట బోర్డు బల్ల మీదకు వచ్చి తీరుతుంది.

దించడం తప్పు అని నేను అనను. ఒక్క పరీక్ష అంకెతో పిల్లను తూచడం నాకూ ఇష్టం లేదు. చదవడంలో ఎనిమిదో తరగతి స్థాయి, రాయడంలో రెండో తరగతి స్థాయి ఉన్న పిల్లలు, గిఫ్టెడ్ అయి ఉండి ఏడీహెచ్‌డీనో డిస్లెక్సియానో ఉన్న పిల్లలు, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు ఆ అంకెలో సరిగ్గా కనపడరు. ప్రైవేటు పరీక్షకు డబ్బు పెట్టలేని ఇళ్ల పిల్లలు అసలు మీ గుమ్మం దాకా రారు. కానీ ఆ నిర్ణయం పిల్లల గురించి ఆలోచించి తీసుకోవాలి, ఫీజుల లోటు పూడ్చుకోవడానికి కాదు. ఈ బడి ఏ పిల్లల కోసం అని అధ్యక్షురాలిని, హెడ్‌ను విడివిడిగా అడగండి. ఇద్దరి జవాబులూ పొంతన లేకుండా ఉంటే జాగ్రత్తపడండి.

ఫ్రిస్కో అమ్మ

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. గుట్టు గురించి చదివి మా ఆయనకు కూడా చూపించాను. ఇంకొక్క సందేహం. మా అన్నయ్యకు చిన్న ఐటీ కంపెనీ ఉంది. రెండేళ్లుగా ఈ బడి కంప్యూటర్లు, నెట్‌వర్క్ పని వాళ్లే చూస్తున్నారు. తక్కువకే చేస్తున్నాడు. దీనివల్ల ఏమైనా ఇబ్బందా?

న్యూజెర్సీ అకౌంటెంట్

మంచిపని చేశారు ఇప్పుడే చెప్పి. తోబుట్టువులు కూడా కుటుంబం కిందే లెక్క. చేరిన రోజే రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కాంట్రాక్టు చర్చకు వచ్చినప్పుడు మీరు గదిలోంచి బయటికి వెళ్లాలి, ఓటు వేయకూడదు, వెళ్లినట్టు మినిట్స్‌లో ఉండాలి. వేరే కంపెనీల కొటేషన్లు కూడా తెప్పించి పోల్చాలి. మొత్తం ఒక హద్దు దాటితే 990లో షెడ్యూల్ ఎల్ కింద (సభ్యులు, వాళ్ల కుటుంబాలతో జరిగిన లావాదేవీలు రాసే చోట) చూపించాల్సి రావచ్చు. ఇవన్నీ సరిగ్గా చేస్తే నియమాల ప్రకారం తప్పు లేదు. నా సొంత అభిప్రాయం అడిగితే మాత్రం, కాంట్రాక్టో బోర్డో ఏదో ఒకటే ఉంచుకోండి. తక్కువకు చేస్తున్నాడన్న సంగతి మీకు తెలుసు, పార్కింగులో మాట్లాడుకునే మిగతా తల్లిదండ్రులకు తెలియదు.

బెల్‌వ్యూ నాన్న

ఇంకో దారి ఉంది, అమ్మా. చాలా బడుల బైలాస్ (సంస్థ నియమావళి) ప్రకారం ఫైనాన్స్ కమిటీ లాంటి వాటిలోకి బోర్డు సభ్యులు కానివాళ్లను కూడా తీసుకోవచ్చు. ఒక ఏడాది అలా చేసి చూడండి. బడి లోపలి లెక్క తెలుస్తుంది, వాళ్లకు మీరు తెలుస్తారు. ఆ లోపు మీ అన్నగారి కాంట్రాక్టు సంగతి కూడా తేలుతుంది. నేను మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తే అలాగే చేస్తాను.

ఫ్రిస్కో అమ్మ

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. అడిగిన రోజు సాయంత్రానికే అధ్యక్షురాలు 990లు, ఆడిట్ రిపోర్టు, బైలాస్, ఇన్సూరెన్స్ కాపీ అన్నీ పంపారు. ఇన్ని అడిగినవాళ్లు ఇంతకుముందు లేరని, వచ్చే కొత్త సభ్యులందరికీ అడక్కుండానే ఇస్తామని అన్నారు. కమిటీ ఆలోచన ఆవిడకు నచ్చింది. ఏడాది పాటు ఫైనాన్స్ కమిటీలో ఉంటాను, ఆ తర్వాత బోర్డు సంగతి. అన్నయ్య ఈ జూన్‌తో కాంట్రాక్టు వదిలేస్తానన్నాడు, కొంచెం నొచ్చుకున్నాడు కానీ అర్థం చేసుకున్నాడు. లెక్కల క్లాసు గురించి మాత్రం ఇవాళ పొద్దున మామూలు తల్లిగా టీచరుకు మెయిల్ పెట్టాను.

మొదటి మీటింగు వచ్చే మంగళవారం. ముప్పై పేజీలు పంపారు. రాత్రి కూర్చుని నగదు పక్కన డిఫర్డ్ రెవెన్యూ రాసుకున్నాను. నగదే ఎక్కువ ఉంది, కానీ గత మూడేళ్లలో ఆ తేడా ఏటా తగ్గుతూ వచ్చింది. అకౌంటెంట్ గారూ, మొదటి మీటింగులోనే ఇది అడగొచ్చా, లేక కమిటీ అధ్యక్షుడికి ముందుగా ఫోన్ చేసి అడగడం మేలా?

న్యూజెర్సీ అకౌంటెంట్

ముందు ఫోన్ చేయండి. ఆయన దగ్గర జవాబు ఉంటే మీటింగులో అందరికీ ఆయనే చెప్తారు. లేకపోతే ఎజెండాలో పెట్టించండి.