ఏరు దాటాక బోడి మల్లయ్య: ఫుట్‌బాల్ మేనేజర్లకి ఈ సామెత నప్పుతుందా?

రాజోలు నుంచి:

గ్రూపు పెద్దలకు నమస్కారం. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" మీద ఒక సందేహమండీ. మా కుర్రాళ్ళ మధ్య వాదన నడుస్తోంది. ఒక క్లబ్బుకి ఏళ్ళ తరబడి ఆడి రిటైరయ్యే పెద్ద ఆటగాణ్ణి అదే క్లబ్బుకి మేనేజర్‌గా పెట్టొచ్చా అని. (తెలియనివాళ్ళకి: అక్కడ మేనేజరంటే ఆఫీసు మేనేజరు కాదు, ఎవరు ఆడాలో, ఎలా ఆడాలో తేల్చే మనిషి.) అందులో ఒకడు "చెల్సీలో చూశాంగా, లాంపార్డ్ బోడి మల్లయ్య అయిపోయాడు" అని కొట్టిపారేశాడు. (చెల్సీ ఇంగ్లండ్‌లోని క్లబ్బు, లాంపార్డ్ అక్కడ ఏళ్ళ తరబడి ఆడి తర్వాత మేనేజరైనవాడు.) వాడి ఉద్దేశం, పరువు పోగొట్టుకున్నాడని.

నాకెందుకో ఆ వాడుక మింగుడు పడలేదు. సామెతలో దెప్పేది మల్లయ్యని కాదు కదా, ఒడ్డెక్కి మొహం తిప్పుకున్నవాణ్ణి. ఈమధ్య "ఫలానా నాయకుడు బోడి మల్లయ్య అయ్యాడు" అని "పలుకుబడి పోయింది" అనే అర్థంలో చాలామంది రాసేస్తున్నారు. దీన్ని తప్పందామా, వాడుక మారిందని ఊరుకుందామా?

పాలకొల్లు నుంచి:

ఊరుకోకూడదండీ. బోడి అంటే గుండు, ఏమీ లేనిది. "నీ బోడి సలహా ఎవడికి కావాలి" అంటాం చూడండి, ఆ ఈసడింపే ఇక్కడా ఉంది. ఆ మాట అనేది ఏరు దాటినవాడే, మల్లయ్యలో మార్పేమీ లేదు, నిన్న ఎలా ఉన్నాడో ఇవాళా అలాగే ఉన్నాడు. మారింది వీడి అవసరం. పలుకుబడి తారుమారైందని చెప్పడానికి "ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి" అని వేరే సామెత ఉండనే ఉంది, దాన్ని వాడుకోమనండి.

కాకినాడ నుంచి:

ఓడ మల్లయ్య కాస్తా ఓడిన మల్లయ్య అయ్యాడని సరిపెట్టుకోండి 😀

నరసాపురం నుంచి:

రాజోలు వారికి. కుర్రాడు అర్థం తప్పుగా తీసుకున్నాడు గానీ, అసలు అర్థంలో చూస్తే లాంపార్డ్ కథకి ఈ సామెత కొలతలు తీసుకుని కుట్టినట్టుంటుంది.

చెల్సీ తరఫున 211 గోల్స్, క్లబ్బు చరిత్రలో అదే రికార్డు. 2019 జూలైలో మేనేజర్‌గా పిలిచారు. అప్పటికి అతని అనుభవం డెర్బీలో ఒక్క సీజనే. ఎందుకు పిలిచారు? కొత్త ఆటగాళ్ళని కొనకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం ఉంది, స్టార్ ఆటగాడు హజార్డ్ స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళిపోయాడు, పేరున్న కోచ్ ఎవడొస్తాడు అలాంటి చోటికి? అభిమానులు గొడవ చెయ్యకుండా ఓపిక పట్టాలంటే వాళ్ళు ప్రేమించే మనిషే కావాలి. అదీ ఏరు. మౌంట్, అబ్రహామ్, రీస్ జేమ్స్ లాంటి సొంత అకాడమీ పిల్లల్ని నమ్ముకుని లీగ్‌లో నాలుగో స్థానం తెచ్చాడు, ఇంగ్లండ్ క్లబ్బుల ఎఫ్.ఎ. కప్ ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు. ఆ తర్వాత వేసవిలో, నిషేధం లేదు కాబట్టి, క్లబ్బు డబ్బు నీళ్ళలా పోసి స్టార్లని కొంది, కొన్నాక నాలుగు మ్యాచ్‌లు తేడా కొట్టేసరికి 2021 జనవరిలో ఇంటికి పంపేసింది. అతని స్థానంలో టుకెల్ వచ్చి అదే మేలో యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు, ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. అంటే క్లబ్బు లెక్క తప్పిందనీ అనలేం, అదే ఇంకా మండే విషయం.

ఇక్కడితో అయిపోలేదు. 2023 ఏప్రిల్‌లో మళ్ళీ చిక్కుల్లో పడ్డారు, మళ్ళీ లాంపార్డే గుర్తొచ్చాడు, తాత్కాలికంగా రమ్మన్నారు. 11 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు. సామెత చెప్పినవాడు కూడా రెండో ఏరు ఊహించి ఉండడు.

అమలాపురం నుంచి:

నరసాపురం గారూ, లాంపార్డ్ వరకు ఒప్పుకుంటాను. కానీ దీన్ని అందరికీ అంటించకండి. ఇటలీ పాత ఆటగాడు పిర్లో సంగతి చూడండి. 2020 జూలై చివర్లో అతను ఒకప్పుడు ఆడిన యువెంటస్ క్లబ్బు కుర్రాళ్ళ జట్టుకి కోచ్‌గా వేశారు, పది రోజులు తిరక్కుండా, ఆ కుర్రాళ్ళతో ఒక్క మ్యాచ్ ఆడించకుండానే, అసలు జట్టు అప్పగించారు. వరసగా తొమ్మిదేళ్ళు లీగ్ గెలిచిన జట్టు ఆ ఏడు నాలుగో స్థానం. ఇటలీ కప్ గెలిచినా ఏడాదికే మార్చేశారు. ఇందులో కృతఘ్నత ఏముంది? అతను ఏరు దాటించనే లేదు. అసలు పడవ నడపడం నేర్చుకోనివ్వలేదు.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేవాళ్ళకి తెలుసు. ఇంజను దగ్గర ముప్పై ఏళ్ళు చేసిన మనిషయినా సరే, ఒక్కసారిగా చుక్కాని చేతికిచ్చి పోటు మీద వశిష్ఠ దాటించమంటే, ఏ ఇసక మేట ఎటు జరిగిందో అతనికేం తెలుస్తుంది? ఇంజను మీద అతనికున్న పట్టు అబద్ధం కాదు, అది వేరే పని.

అందుకే నా మటుకు, క్లబ్బు మనిషిని పెట్టడం తప్పు కాదు, రిటైరైన మర్నాడే పెట్టడం తప్పు. బార్సిలోనాకి ఆడిన గార్డియోలా ఆ క్లబ్బు 'బి' జట్టుతో కింది డివిజన్‌లో ఒక సీజన్ చేశాకే 2008లో పైకొచ్చాడు. మాడ్రిడ్‌కి ఆడిన జిదాన్ అక్కడి మేనేజర్ ఆంచెలొట్టి పక్కన సహాయకుడిగా ఉన్నాడు, తర్వాత మాడ్రిడ్ రెండో జట్టు చూశాడు, అప్పుడు 2016లో అసలు కుర్చీ. వరసగా మూడు ఛాంపియన్స్ లీగులు.

తణుకు నుంచి:

మరి డాల్‌గ్లిష్? 1985లో ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ తన ఆటగాడైన అతన్ని ఏ శిక్షణా లేకుండా, ఏకంగా ఆడుతుండగానే మేనేజర్‌ని చేసింది. మొదటి సీజన్‌లోనే లీగూ, ఎఫ్.ఎ. కప్పూ రెండూ. లీగ్ ఖాయం చేసిన గోల్ కూడా చెల్సీ మీద తనే కొట్టాడు!

అమలాపురం నుంచి:

అవునండీ, కానీ పక్కన ఎవరున్నారు? అంతకు ముందు తొమ్మిదేళ్ళు అదే కుర్చీలో కూర్చున్న పెయిస్లీ సలహాదారుగా ఉన్నాడు, రోజూ శిక్షణ చూసే పాతకాపులు ఎవరూ కదల్లేదు. పిర్లోకి ఆ ఆసరా ఏది? ఇప్పుడు మేనేజర్ మారితే అతనితోపాటు ఆ గదిలోవాళ్ళంతా మారిపోతున్నారు.

భీమవరం నుంచి:

అసలు గొప్ప ఆటగాడే కావాలని ఎవరన్నారండీ? భారత జట్టు కోచ్, మన హైదరాబాదు రహీం సాహెబ్ ఉపాధ్యాయుడు. ఆటగాడిగా ఆయన పేరు ఎంతమందికి తెలుసు? భారత జట్టుకి 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతి మీదుగానే వచ్చాయి. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ ఆయన్ని ఎంత గుర్తు పెట్టుకుంది అంటారా, దానికైతే మీ సామెత నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది.

రాజోలు నుంచి:

అందరికీ ధన్యవాదాలు. మా కుర్రాడికి నరసాపురం గారి కామెంట్ చూపించాను. "అయితే బోడి మల్లయ్య అనాల్సింది చెల్సీనా?" అంటున్నాడు. కాదురా, చెల్సీ ఏరు దాటినవాడు, వాడికి సామెతలో పేరే లేదు అన్నాను. నిజమే కదండీ, ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్నాం గానీ ఆ దాటినవాడి పేరు ఎవరూ పెట్టలేదు. పాలకొల్లు గారూ, మీ వైపు మల్లయ్య అంటారా, మల్లన్న అంటారా? మా మావయ్యగారి ఊళ్ళో మల్లన్నే.

పాలకొల్లు నుంచి:

రెండూ విన్నానండీ. మా ఇంట్లో మల్లయ్యే.