అప్‌డేట్: స్పానిష్ ‘ఫ్వే’ చిక్కు వీడింది

స్పానిష్‌లో ఒకే ‘ఫ్వే’ (fue) అనే క్రియారూపం ఒకచోట ‘వెళ్ళాడు’, ఇంకోచోట ‘అయ్యాడు, ఉన్నాడు’ అని ఎందుకు వస్తోందని ఇంతకుముందు అడిగాను. జవాబులన్నీ సరిచూసుకున్నాక తేలింది ఇది.

‘సెర్’ (అవ్వడం, ఉండటం), ‘ఇర్’ (వెళ్ళడం) రెండింటికీ ఈ భూతకాల రూపాలు ఒకటే: ఫుయ్, ఫ్విస్తే, ఫ్వే, ఫ్విమోస్, ఫ్విస్తేయిస్, ఫ్వేరోన్. కాబట్టి క్రియను కాదు, దాని తర్వాత వచ్చే మాటను చూడాలి. ‘ఆ’ (మన ‘-కు’ లాంటి మాట) తర్వాత ఊరు వస్తే వెళ్ళడమే: ‘ఫ్వే ఆ మద్రీద్’. విశేషణమో వృత్తో వస్తే సెర్. ‘ఫ్వే కోన్‌స్త్రుయీదో’ అంటే కట్టబడింది, అదీ సెర్ ఖాతాలోదే.

బోల్తా పడేది ‘ఎన్’ (‘-లో’) దగ్గర. ‘ఫ్వే ఎన్ త్రెన్’ అంటే రైల్లో వెళ్ళాడు. ‘లా ఫియెస్తా ఫ్వే ఎన్ మి కాసా’ అంటే పార్టీ మా ఇంట్లో జరిగింది. ఇక్కడ చాలామంది ‘ఎస్తువో’ (‘ఉండటం’ అనే అర్థమున్న మరో క్రియ ‘ఎస్తార్’ భూతకాల రూపం) వాడేస్తారు, అది తప్పు. కార్యక్రమం ఎక్కడ జరిగిందో చెప్పడానికి సెర్ కావాలి. ‘ఫ్వే ఎల్ మేదికో’ మాత్రం విడిగా చూస్తే తేలదు: డాక్టరు వెళ్ళాడనీ కావచ్చు, ఆ పని చేసింది డాక్టరేననీ కావచ్చు.

ముందు ‘సె’ చేరితే వెళ్ళిపోవడం. ‘సె ఫ్వే లా లూస్’ అచ్చం మన ‘కరెంటు పోయింది’! ఇది ఇక మరిచిపోయేది కాదు.

పాత పుస్తకాల్లో ‘ఫ్వే’ మీద కనిపించే స్వరచిహ్నం (fuéలో é మీది గీత) అచ్చుతప్పు కాదు. 1959 నుంచి అమల్లోకొచ్చిన స్పానిష్ రాయల్ అకాడమీ (ఆ భాషకు నియమాలు పెట్టే సంస్థ) నియమాలు దాన్ని తీసేశాయి. ఇప్పుడు రాస్తే తప్పే.