జైల్లో ఉన్న తండ్రి దగ్గరికి చిన్నపిల్లాణ్ణి తీసుకెళ్ళాలా వద్దా?

ఓరుగల్లు_వాసి: మా అన్న విచారణ ఖైదీగా హైదరాబాద్ జైల్లో ఉన్నాడు. 2021లో వరంగల్ సెంట్రల్ జైలును ఆసుపత్రి కోసం కూల్చేశారు కదా, అదే ఉంటే ఆటోలో పోయి చూసొచ్చేవాళ్ళం. రెండో తరగతి చదివే కొడుక్కి వదిన ‘డాడీ దుబాయ్ పోయిండు’ అని చెప్పింది. ములాఖత్‌కు తీసుకురమ్మంటే ససేమిరా అంటోంది. మీరేమంటారు?

గోదారి_గట్టు: తీసుకెళ్ళకండి. జాలీకి అవతల ఆయన, ఇవతల మీరు. పక్కన అందరూ అరుస్తుంటే ఒక్క ముక్క వినబడదు. పిల్లాడు జడుసుకుంటాడు. ఆన్‌లైన్‌లో ‘ఈ-ములాఖత్’ అని ఉంటుంది, అందులో పేరు నమోదు చేసుకోండి, జైలువాళ్ళు ఒప్పుకుంటే వీడియోలో మాట్లాడిస్తారు.

నీలిమబ్బు: నాకూ చిన్నప్పుడు ‘నాన్న క్యాంపుకెళ్ళాడు’ అనే చెప్పారు. స్కూల్ వ్యాన్‌లో ఒకమ్మాయి అందరి ముందూ అసలు సంగతి అనేసింది. ఇంట్లో అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలీదు. అమ్మ మీద ఆ కోపం ఇప్పటికీ పోలేదు. కుటుంబాన్ని కలవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1981లోనే ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ కేసులో చెప్పింది.

గోదారి_గట్టు: ఆ హక్కు ఖైదీది. పిల్లాడి సంగతేంటి? ముందు జాలీకి జవాబు చెప్పండి.

నీలిమబ్బు: కొన్నిచోట్ల ఇప్పుడు అద్దం, ఫోను ఉన్నాయండీ.

గోదారి_గట్టు: అద్దమైతే మాత్రం తాకనిస్తారా?

చాయ్_బిస్కెట్: పిల్లాడు గీసిన బొమ్మలు పోస్టులో పంపండి.

ఓరుగల్లు_వాసి: మీరిద్దరూ జాలీ దగ్గరే ఆగిపోయారు. పోయిన ప్రతిసారీ అన్న ‘బాబు ఏడి’ అనే అడుగుతున్నాడు. కట్టుకున్నదానికి ఆ మాత్రం బాధ్యత లేదా?

కుట్టుమిషను: తమ్ముడూ, మా ఆయన లోపలున్నప్పుడు కూలి మానుకుని, బస్సు చార్జీలకు అప్పు చేసి తిరిగినదాన్ని. అత్తింటివాళ్ళు పిల్లల ఫీజు ఒక్కసారి కట్టింది లేదు. ‘ఈ వారం ఎందుకు పోలేదు’ అని నిలదీయడానికి మాత్రం గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. మీ వదిన ఇల్లెట్లా గడుపుతోందో ఒక్క ముక్క రాయలేదేం?

ఓరుగల్లు_వాసి: దానికీ దీనికీ ఏం సంబంధం అక్కా? పుట్టింట్లో ఉండి బీడీలు చుడుతోంది. లాయరు కోసం ఆమె గొలుసు కుదువపెట్టామని అలిగింది.

కుట్టుమిషను: ఆమెను అడిగే పెట్టారా?

ఓరుగల్లు_వాసి: అన్న బయటికి రావద్దా మరి?

కుట్టుమిషను: రావాలి. జైల్లో ఉన్నవాళ్ళకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది. దరఖాస్తు జైల్లోనే ఇవ్వొచ్చు. ఆమె మెడలోది తీయాల్సిన పనే లేదు. గొలుసు తీసుకుపోయిన మనుషులే వచ్చి ఇప్పుడు పిల్లాణ్ణీ పంపమంటే ఏ తల్లి పంపుతుంది?

గోదారి_గట్టు: అందుకే వీడియో చాలంటున్నాను.

నీలిమబ్బు: వీడియోకైనా వాడికి నిజం తెలియాలి కదండీ.

ఓరుగల్లు_వాసి: గొలుసు సంగతి ఇంట్లో చూసుకుంటాం. తండ్రికి కొడుకును చూపించమనడం తప్పంటే మాత్రం ఒప్పుకోను.

నీలిమబ్బు: తప్పని ఎవరన్నారు? దుబాయ్ కాదన్న మాట మాత్రం వాళ్ళమ్మే చెప్పాలి. మీరు తొందరపడి చెప్పకండి.