కమ్యూనిటీ షీల్డ్‌ను మీరు కప్పు కింద లెక్కేస్తారా? చూసినవాళ్ళు చెప్పండి

సెల్‌హర్స్ట్ శీను (విశాఖపట్నం), 2025 ఆగస్టు 11, సోమవారం ఉదయం 7:40

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను. దక్షిణ లండన్‌లోని క్రాయ్‌డన్‌లో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను. అద్దె ఇంటి నుంచి సెల్‌హర్స్ట్ పార్క్‌కి నడిచే వెళ్ళేవాణ్ణి. అలా అక్కడ ఆడే ఫుట్‌బాల్ క్లబ్ క్రిస్టల్ ప్యాలెస్ నా జట్టయిపోయింది. 1990లో, 2016లో ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ పోటీ) ఫైనల్ దాకా వెళ్ళి రెండుసార్లూ మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో ఓడిన జట్టు మాది. ఈ మే 17న అదే కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి మొట్టమొదటి పెద్ద కప్పు గెలిచింది. అందుకే నిన్న లండన్ వెంబ్లీలో, లీగ్ విజేతకీ ఎఫ్ఏ కప్ విజేతకీ మధ్య సీజన్ మొదట్లో జరిగే కమ్యూనిటీ షీల్డ్ మ్యాచ్‌లో, లీగ్ విజేత లివర్‌పూల్‌కి ఎదురుగా నిలబడింది.

రాఖీకి వచ్చిన చెల్లెలి వాళ్ళు ఇంకా మా ఇంట్లోనే ఉన్నారు. ఏడున్నరకి అందరం టీవీ ముందు చేరాం. నాలుగో నిమిషంలోనే లివర్‌పూల్ ఆటగాడు ఎకిటికే గోలు. మా మటేటా పెనాల్టీతో సమం చేశాడు అనుకునేలోపు వాళ్ళ ఫ్రింపాంగ్ ఇంకోటి కొట్టాడు. 77వ నిమిషంలో మా ఇస్మాయిలా సార్ 2-2 చేశాక నేనిక కూర్చోలేదు. మ్యాచ్ అలాగే సమంగా ముగిసి పెనాల్టీల షూటౌట్‌కి వెళ్ళింది. అందులో వాళ్ళ సలా కొట్టిన బంతి బార్ పైనుంచి పోయింది. మా ఎజె కొట్టింది వాళ్ళ కీపర్ అలిసన్ ఆపేశాడు. చివరికి, గోలు పడితే గెలుపు అన్న సమయంలో వచ్చింది మా జస్టిన్ డెవెన్నీ, 21 ఏళ్ళ కుర్రాడు. బంతి చుక్క మీద పెట్టి అతను వెనక్కి అడుగులు వేస్తుంటే నా చేతులు చల్లబడిపోయాయి. గోలు. 3-2.

నా కళ్ళల్లో నీళ్ళు చూసి మా చెల్లెలి భర్త, "ఇది ఫ్రెండ్లీయే కదా బావా, ఇంత ఎందుకు?" అన్నాడు. తప్పుగా అనలేదు, తెలియక అడిగాడు. కానీ ఆ మాట ఇంకా మనసులోనే తిరుగుతోంది. మీరేమంటారు?

హన్మకొండ కాప్, సోమవారం ఉదయం 8:25

ముందుగా శుభాకాంక్షలు అన్నా. నేను లివర్‌పూల్ అభిమానిని, ఓడిపోయాం కాబట్టి ఇలా అంటున్నాననుకోవద్దు. నా లెక్కలో ఇది సన్నాహక మ్యాచే. కొత్తగా కొన్న నలుగురిని నిన్న ఒకేసారి దించారు. ఒకరి పరుగు ఇంకొకరికి ఇంకా అర్థం కాలేదని చూస్తేనే తెలుస్తోంది. 2019 నుంచి చూడండి: సిటీ, ఆర్సెనల్, లెస్టర్, లివర్‌పూల్, ఆర్సెనల్, సిటీ. ఈ ఆరుసార్లలో ఒక్కసారి కూడా షీల్డ్ గెలిచిన జట్టు ఆ సీజన్‌లో లీగ్ గెలవలేదు. ఆగస్టులో చూసినదాన్ని పట్టుకుని లీగ్ ముగిసే మే నెల గురించి చెప్పలేం.

నిన్న నన్ను బాధపెట్టింది స్కోరు కాదు. మా ఆటగాడు డియోగో జోటా, అతని తమ్ముడు ఆండ్రే సిల్వా జులై 3న కారు ప్రమాదంలో పోయారు. వాళ్ళ కోసం పాటించిన మౌనాన్ని అరుపుల వల్ల మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. నేను ఇంట్లో లేచి నిలబడి ఉన్నాను. అలాగే నిలబడిపోయాను.

సెల్‌హర్స్ట్ శీను, సోమవారం ఉదయం 8:40

తమ్ముడూ, అది చూసి నాకూ మనసు చివుక్కుమంది. అరిచింది ఎవరైనా తప్పే. మా జట్టు వాళ్ళయితే వాళ్ళ తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను.

లావణ్య, లెస్టర్‌లో చదివినప్పటి సంగతి, సోమవారం ఉదయం 10:05

స్టేడియంలో కూర్చుని చూశాను కాబట్టి నేను చెప్తాను. 2022లో వెంబ్లీలో మహిళల యూరో ఫైనల్ ఉండటంతో సిటీ, లివర్‌పూల్ షీల్డ్ మ్యాచ్‌ను లెస్టర్‌లోని కింగ్ పవర్ స్టేడియానికి మార్చారు. నేను అప్పుడు అక్కడే మాస్టర్స్ చేస్తున్నాను. పార్ట్‌టైమ్‌లో నాతో పనిచేసే ఒకామె సిటీ అభిమాని, వాళ్ళ అన్నయ్య రాలేకపోతే ఆ టికెట్ నాకిచ్చింది. అప్పటిదాకా ఫుట్‌బాల్ మ్యాచ్ మొత్తం ఎప్పుడూ చూడలేదు.

స్ట్రైకర్ ఎర్లింగ్ హాలండ్ సిటీకి కొత్తగా వచ్చాడు, అందరి కళ్ళూ అతని మీదే. లివర్‌పూల్ 3-1తో గెలుస్తున్న సమయం, మ్యాచ్ అయిపోవచ్చింది. ఫోడెన్ కొట్టిన బంతిని కీపర్ ఆపితే అది నేరుగా హాలండ్ కాళ్ళ దగ్గరికి వచ్చింది. గోలు నాలుగడుగుల దూరంలో ఉంది. బంతి బార్‌కి తగిలి పైకి లేచిపోయింది. నా పక్కన లేత నీలం మఫ్లర్ వేసుకున్న పెద్దాయన అప్పటికే లేచి, చేతులు పైకెత్తేశారు. ఆ చేతులు మెల్లగా తల మీదికి వచ్చాయి. అలాగే వెనక్కి కూర్చున్నారు, ప్లాస్టిక్ సీటు టపీమని కిందపడిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. ఫ్రెండ్లీ మ్యాచ్‌కి ఎవరూ అలా కూర్చోరు.

అదే హాలండ్ ఆ సీజన్ లీగ్‌లో 36 గోల్స్ కొట్టి రికార్డు సృష్టించాడు. సిటీ లీగ్, ఎఫ్ఏ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచింది. కాబట్టి హన్మకొండ బ్రదర్ చెప్పిన లెక్క నిజమే. కానీ ఆ పెద్దాయన బాధ కూడా నిజమే కదా.

సికింద్రాబాద్ షార్ట్‌వేవ్, సోమవారం మధ్యాహ్నం 12:30

పిల్లలూ, నాకు 67 ఏళ్ళు. నిన్నటి తేదీ చూసి ఒక విషయం గుర్తొచ్చింది. 1974లో కూడా ఈ మ్యాచ్ ఆగస్టు 10నే జరిగింది, లీడ్స్‌కీ లివర్‌పూల్‌కీ. ఈ పోటీ వెంబ్లీకి రావడం అదే మొదలు. అప్పుడు దీని పేరు చారిటీ షీల్డ్. మా నాన్నగారి ఫిలిప్స్ రేడియోలో బీబీసీ వార్తల కోసం ముల్లు తిప్పుతుంటే ఆ కబురు వినిపించింది. లివర్‌పూల్ కెవిన్ కీగన్, లీడ్స్ బిల్లీ బ్రెమ్నర్ కొట్టుకుంటే రెఫరీ ఇద్దరినీ బయటికి పంపేశాడు. వెళ్తూ వెళ్తూ ఇద్దరూ చొక్కాలు విప్పి విసిరేశారు. ఆ తర్వాత ఇద్దరికీ చాలా మ్యాచ్‌ల నిషేధం పడింది. మ్యాచ్ 1-1 అయింది, షూటౌట్‌లో లీడ్స్ కీపర్ డేవిడ్ హార్వే స్వయంగా వచ్చి కొట్టి తప్పాడు, లివర్‌పూల్ 6-5తో గెలిచింది. అంతకుముందే రాజీనామా ప్రకటించిన లివర్‌పూల్ మేనేజర్ బిల్ షాంక్లీ చివరిసారి జట్టును ముందుండి నడిపించింది ఆ రోజే. ఫ్రెండ్లీలో అంత కోపం ఎక్కడి నుంచి వస్తుంది?

1908లో మొదటి మ్యాచ్‌లో మాంచెస్టర్ యునైటెడ్, క్వీన్స్ పార్క్ రేంజర్స్ ఆడి 1-1 అయితే మళ్ళీ ఆడించారు, రెండోసారి యునైటెడ్ 4-0తో గెలిచింది. తర్వాతి కాలంలో సమానమైతే చాలాసార్లు షీల్డ్‌ను ఇద్దరూ పంచుకునేవారు. 1967లో టాటెన్‌హామ్ కీపర్ పాట్ జెన్నింగ్స్ తన పెనాల్టీ బాక్సు నుంచి తన్నిన బంతి ఒక్కసారి నేలను తాకి యునైటెడ్ కీపర్ తల మీదుగా గోల్లో పడింది. ఆ మ్యాచ్ 3-3, షీల్డ్ చెరి ఆరు నెలలు. 1993 నుంచి మాత్రం షూటౌట్ తప్పనిసరి, అదనపు సమయం లేదు. ఒకే జట్టు లీగ్, కప్పు రెండూ గెలిస్తే లీగ్‌లో రెండో స్థానం వాళ్ళతో ఆడతారు.

మిల్టన్ కీన్స్ మాధవ్, సోమవారం సాయంత్రం 4:15

చారిటీ అనే మాట వచ్చింది కాబట్టి. టికెట్ డబ్బులో ఎంత దేనికి పోతుందో స్పష్టంగా చెప్పలేదని, అక్కడి స్వచ్ఛంద సంస్థలను పర్యవేక్షించే చారిటీ కమిషన్ తప్పుబట్టాక, 2002లో పేరు కమ్యూనిటీ షీల్డ్‌గా మార్చారు. ఇప్పుడు ఆదాయంలో కొంత ఎఫ్ఏ కప్ మొదటి రౌండ్ నుంచి ఆడిన 124 క్లబ్బులకు వెళ్తుంది, వాళ్ళు తమ ఊళ్ళో సేవా పనులకు ఇస్తారు.

నేను 2017లో వెళ్ళాను, ఆర్సెనల్, చెల్సీ. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తైన భవనం మంటల్లో 72 మంది పోయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆ మ్యాచ్ డబ్బు బాధితులకు ఇచ్చారు, 12.5 లక్షల పౌండ్లు. ఆటకు ముందు స్టేడియమంతా మౌనంగా నిలబడితే పక్కవాళ్ళ ఊపిరి వినిపించింది. అంతమంది మధ్య అంత నిశ్శబ్దం నేను మళ్ళీ చూడలేదు. ఆ తర్వాత ఎవరు గెలిచారన్నది (షూటౌట్‌లో ఆర్సెనల్ 4-1) నాకు రెండో విషయం అయిపోయింది. మా ఆవిడ ఆ టికెట్‌ను ఇప్పటికీ దాచింది.

పాతబస్తీ నంబర్ పది, సోమవారం రాత్రి 9:10

మీ అందరివీ చదువుతుంటే నాకు ఒకటే కోరిక. 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌తో ఆడుతుంటే గోవా ఫటోర్డా స్టేడియానికి వెళ్ళాను. స్టాండ్లన్నీ పసుపు రంగే, కానీ అది కేరళ అభిమానుల పసుపు. మైదానంలో పసుపు వేసుకుంది మాత్రం మనవాళ్ళు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా 1-1 చేశాడు, షూటౌట్‌లో మన కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1. గొంతు రెండు రోజులు రాలేదు. ఆ ఏడాది లీగ్ పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చే లీగ్ షీల్డ్ మాత్రం జంషెడ్‌పూర్‌ది. ఇంగ్లండ్‌లో అయితే కొత్త సీజన్ మొదట్లో ఆ రెండు జట్లూ తలపడేవి. మనకు అలాంటి మ్యాచ్ లేదు. ఉండి ఉంటే గచ్చిబౌలిలో టికెట్ కోసం తెల్లారకముందే లైన్లో నిలబడేవాణ్ణి. కాబట్టి శీను అన్నా, ఉన్నవాళ్ళు దాన్ని ఫ్రెండ్లీ అని తీసిపారేయకండి.

హన్మకొండ కాప్, సోమవారం రాత్రి 9:50

సరే, లావణ్య గారు చెప్పిన సీటు చప్పుడు నన్ను వదలడం లేదు. లీగ్‌కీ దీనికీ పోలిక లేదన్న మాట మీదే ఉంటాను. కానీ నిన్న మేము గెలిచి ఉంటే, జోటా పేరు మీద ఆ షీల్డ్ ఎత్తి ఉంటే నేను దాన్ని ఫ్రెండ్లీ అనేవాణ్ణా? అనేవాణ్ణి కాదు.

సెల్‌హర్స్ట్ శీను, సోమవారం రాత్రి 10:30

అందరికీ థ్యాంక్స్. ఇందాక భోజనాలయ్యాక మా చెల్లెలి భర్తకి మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపాగి, "ఆ చివరి పెనాల్టీ ఇంకోసారి పెట్టు బావా" అన్నాడు. ఇప్పుడు పక్కనే కూర్చుని మూడోసారి చూస్తున్నాడు.