బ్యారియర్ పీక్స్ మళ్ళీ ఆడించాలంటే: ఏది ఉంచాలి, ఏది కొయ్యాలి

గ్రాఫ్‌పేపర్:
పాచికలు వేస్తూ పాత్రలుగా ఆడే కథల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో పాత మాడ్యూల్ (రాసిపెట్టిన సాహసం) ఎస్3, అంటే ఎక్స్‌పెడిషన్ టు ద బ్యారియర్ పీక్స్, ఫిఫ్త్ ఎడిషన్ రూల్స్‌లో మొదలుపెట్టాలి. ఐదుగురు ప్లేయర్లు, అందరూ తొమ్మిదో లెవెల్, సెషన్‌కు నాలుగు గంటలు. 1980 నాటి పుస్తకం తిరగేస్తుంటే మ్యాప్ నిండా ఒకేలాంటి గదులే కనిపిస్తున్నాయి. ఇది ఇప్పటి టేబుల్ మీద ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో, ఎందుకో తెలిసినవాళ్ళు చెప్పండి. ప్లేయర్‌గా ఆడబోయేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి, కింద గుట్టంతా రట్టవుతుంది.

చీకటిమెట్లు:
ముందు దీని పుట్టుక చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. గ్యారీ గైగాక్స్ దీన్ని 1976లో ఆరిజిన్స్ 2 కన్వెన్షన్‌లో టోర్నమెంట్‌గా ఆడించాడు, అచ్చయింది నాలుగేళ్ళకు. టోర్నమెంట్ కోసం పుట్టిన మ్యాప్‌ను ఇంట్లో క్యాంపెయిన్‌లాగా (నెలల తరబడి సాగే కథలాగా) గదిగదీ ఊడ్చుకుంటూ పోతే ఎవరికైనా నీరసం వస్తుంది.

సాహసమంతా కూలిన అంతరిక్ష నౌకలోనే కదా, అందులోని సిబ్బంది గదుల్ని విడివిడిగా నడపకండి. పక్కపక్కన ఉన్న ఆరేడు గదుల్ని ఒక బ్లాక్ చేయండి. బ్లాక్ మొత్తం వెతకడానికి ఆటలో ఒక గంట, దానికి ఒక్కసారే సంచార జీవుల పాచిక (తిరిగే జీవులేవైనా ఎదురవుతాయా అని చూసేది), దొరికేది ఒక్కటే చెప్పుకోదగ్గ వస్తువు. ప్రత్యేకంగా ఏదైనా ఉన్న గదుల్ని మాత్రం ముట్టుకోవద్దు. ఓడ ఆరు అంతస్తుల్నీ ఉంచండి, ఏ అంతస్తు రుచి దానిదే.

తుప్పుపాచిక:
ప్లేయర్లకు చూపించడానికి మాడ్యూల్‌తో వచ్చే బొమ్మల పుస్తకం గురించి ఎవరూ ఎత్తలేదేం? ఈ మాడ్యూల్ ప్రాణం అందులోనే ఉంది. నంబర్లు వేసిన బొమ్మలు 63. పుస్తకాన్ని ఉన్నదున్నట్టు టేబుల్ మీద పెడితే ఒక బొమ్మ చూపించబోయి పక్క బొమ్మ కూడా చూపించేస్తారు, రేపు రావాల్సిన జంతువు ఇవాళే బయటపడిపోతుంది. ప్రింట్ తీసి విడివిడిగా కత్తిరించండి, వెనకాల నంబరు వేసి కవర్లో వరసగా పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో ఆడేవాళ్ళు ఒక్కో బొమ్మా వేరే ఫైలుగా దాచుకోవాలి. పీడీఎఫ్‌ను స్క్రీన్ షేర్ చేయడం మొదటికే మోసం.

బొమ్మ చూపించేటప్పుడు నోటితో పేరు పెట్టకండి. రోబో, లిఫ్ట్, కార్డు, తుపాకీ: ఈ నాలుగు మాటలూ డీఎమ్ (డంజన్ మాస్టర్, ఆట నడిపేవాడు) నోట రాకూడదు. "గోడలో అతుకు కనబడని లోహపు పలక. పక్కనే అరచేయంత నల్లటి గాజు, దాని కింద సన్నటి చీలిక." అంతే చెప్పి ఊరుకోండి. ఆయుధాలు మామూలు తుపాకీల పోలికలో లేకుండా వింత ఆకారాల్లో గీయించింది అందుకే. పిడి ఏదో, గొట్టం ఏదో తేల్చుకోవాల్సింది ప్లేయర్లు.

నాలుగోగోడ:
తుప్పుపాచిక గారూ, బొమ్మల సంగతి సరే, దాపరికం దగ్గర మాత్రం ఒప్పుకోను. ఇందులో కూలిన అంతరిక్ష నౌక ఉందని నలభై ఏళ్ళ పైబడి లోకమంతా చెప్పుకుంటోంది. లోహపు తలుపు కనిపించిన ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు "ఓహో, స్పేస్‌షిప్" అనేస్తారు. అక్కడి నుంచి రహస్యం కాపాడబోతే టేబుల్ మీద మిగిలేది తగాదా. "నీ బార్బేరియన్‌కు ఆ చీలికలో ముక్క దూర్చాలని ఎలా తెలుసు?" అంటూ ప్రతి పనికీ అడ్డుపడాల్సి వస్తుంది.

మొదటి సెషన్‌కు ముందే చెప్పేయండి: మీకు తెలుసు, మీ క్యారెక్టర్లకు తెలియదు, తేల్చేది పాచిక. ప్లేయర్ ఎంత బాగా ఊహించినా బోనస్ ఉండదు. అప్పుడు తెలిసినవాడు కూడా నవ్వుతూ తప్పు మీట నొక్కుతాడు.

గ్రాఫ్‌పేపర్:
ఆ పాచిక ఏది? వింత వస్తువు ఎలా పనిచేస్తుందో తేల్చడానికి మూలంలో ఉన్న ఫ్లోచార్ట్‌లు వాడాలా, కొత్తవా?

నాలుగోగోడ:
చార్ట్‌లు చూడముచ్చటగానే ఉంటాయి. కానీ గడిగడికీ పాచిక వేస్తూ ఒకళ్ళు ఆడుతుంటే నలుగురు ఫోన్లు చూసుకుంటారు. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో అపరిచిత సాంకేతికతకు చిన్న పట్టిక ఉంది, అది చాలు. సులువైన వస్తువుకు 2 విజయాలు, జటిలమైనదానికి 4. ఇంటెలిజెన్స్ చెక్‌లో (20 ముఖాల పాచికకు పాత్ర తెలివి అంకె కలిపితే) 9 లేదా అంతకు తక్కువ వస్తే వైఫల్యం, ఒక ఛార్జ్ (ఒకసారి వాడకం) వృథా, తర్వాతి చెక్‌కు డిసడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవడం). 10 నుంచి 14 అయితే ఉత్త వైఫల్యం. 15 నుంచి 19 విజయం. 20, ఆపైన అయితే విజయంతోపాటు తర్వాతి చెక్‌కు అడ్వాంటేజ్ (రెండిట్లో ఎక్కువది).

+4 ఉన్న విజార్డ్‌కు నాలుగు ఫలితాలకూ సరిగ్గా 25 శాతం చొప్పున అవకాశం వస్తుంది. -1 ఉన్న బార్బేరియన్‌కు ఛార్జ్ వృథా అయ్యే అవకాశం 50 శాతం, పైగా 20 అన్నది అందని ద్రాక్షే. గ్రెనేడ్ విషయంలో ఛార్జ్ వృథా కావడమంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా.

ఒక్క చిక్కు ఉంది. విజార్డ్ తీరిగ్గా కూర్చుని రోజుకో వస్తువు తేలుస్తానంటాడు. ప్రతి ప్రయత్నానికీ ఆటలో పది నిమిషాలు పెట్టి, గంటకోసారి సంచార జీవుల పాచిక వేయండి. లాంగ్ రెస్ట్ (పాత్రల సుదీర్ఘ విశ్రాంతి) లోపు నాలుగు వైఫల్యాలైతే వస్తువు పాడైపోవచ్చన్న సూచన కూడా ఆ గైడ్‌దే. దాన్ని తప్పకుండా అమలు చేయండి.

మీటలమనిషి:
దోచుకున్న ఆయుధాలతో క్యాంపెయిన్ పాడైపోతుందని అందరూ భయపడతారు గానీ, లెక్క వేస్తే అంత లేదు. గైడ్‌లో లేజర్ పిస్టల్ దెబ్బ 3డీ6 (ఆరు ముఖాల పాచికలు మూడు), సగటు 10.5. లాంగ్‌బో 1డీ8, సగటు 4.5. దెబ్బకు 6 తేడా. ప్రొఫిషెన్సీ (ఆయుధం వాడే నేర్పుకు వచ్చే బోనస్) ఇవ్వకపోతే తొమ్మిదో లెవెల్‌లో +4 పోతుంది, అంటే తగిలే అవకాశం 20 శాతం పడిపోతుంది. సాధన చేయడానికి తీరిక దొరికేదాకా ప్రొఫిషెన్సీ ఇవ్వకండి.

ఇక ఛార్జ్‌లు. నిండు సెల్‌తో పిస్టల్‌కు 50 షాట్లు. రౌండ్‌కు రెండు దాడులు చేసే ఫైటర్‌కు 25 రౌండ్లు, అంటే ఆరేడు పోరాటాలు. యాంటీమ్యాటర్ రైఫిల్ 6డీ8, సగటు 27, కానీ రెండే షాట్లు. కాబట్టి మీ చేతిలో ఉన్న తాళం ఆయుధం కాదు, పవర్ డిస్క్, అంటే మాడ్యూల్‌లో ఆ సెల్ లాంటి బ్యాటరీ. ఎన్ని ఆయుధాలైనా దొరకనివ్వండి, డిస్క్‌లను మాత్రం లెక్కపెట్టి వదలండి. దొరికిన డిస్క్‌లో ఎంత మిగిలిందో చెప్పొద్దు, మీరు రాసి ఉంచుకోండి. ఐదు డిస్క్‌ల్లో రెండైనా సగానికి తక్కువ ఉండాలి.

పవర్డ్ ఆర్మర్ ఒక్కటీ నిజంగానే ప్రమాదం. ఆ కవచానికీ అదే డిస్క్ వాడేలా చేస్తే, కవచమా పిస్టలా అని వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటారు.

చీకటిమెట్లు:
ఓడ తలుపులు తెరిచే రంగుల కార్డుల దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఏ తలుపుకు ఏ రంగు, ఎవరి దగ్గర ఏది ఉంది అన్నది నోటిమాటగా నడిపితే రెండో సెషన్‌కే గందరగోళం. రంగు అట్టలు కత్తిరించి చేతికివ్వండి. అట్ట చూపించినవాడి దగ్గరే కార్డు ఉన్నట్టు, చూపించలేకపోతే లేనట్టు. మ్యాప్ మీద తలుపుల్ని ముందే ఆ రంగు స్కెచ్ పెన్నులతో గీసుకోండి, అరగంట పని.

పోలీస్ రోబోను ఒక్కదాన్నే దింపితే ఐదుగురు కలిసి రెండు రౌండ్లలో తుక్కు చేస్తారు. రెండో రౌండ్ చివర సాయానికి ఇంకోటి రావాలి. అది చంపడానికి రాదు, బంధించడానికి వస్తుంది. పార్టీ ఓడిపోతే కథ ముగిసిపోదు, ఆయుధాలు లేకుండా ఒక గదిలో కళ్ళు తెరుస్తారు.

తుప్పుపాచిక:
జీవుల సంగతి. వెజిపిగ్మీలు (మొక్క మరుగుజ్జులు), ఫ్రాగ్‌హెమత్ (కప్ప లాంటి పెద్ద రాక్షసి) రెండూ ఈ మాడ్యూల్‌లోనే పుట్టినవి, ఫిఫ్త్ ఎడిషన్ గణాంకాలు 2016 నాటి జీవుల పుస్తకం వోలోస్ గైడ్‌లో దొరుకుతాయి. ఫ్రాగ్‌హెమత్ ఛాలెంజ్ రేటింగ్ (జీవి ఎంత గట్టిదో చెప్పే అంకె) 10. మెరుపు దెబ్బ తగిలితే దాని వేగం సగమై, ఏసీ (దెబ్బ తగలకుండా కాచే అంకె) 2 తగ్గి, మల్టీఅటాక్ (ఒకే వంతులో పలు దాడులు) పోతుంది. మీ పార్టీలో లైట్నింగ్ బోల్ట్ (మెరుపు మంత్రం) వేసేవాడుంటే అది చప్పబడిపోతుంది. అందుకే దాన్ని నీళ్ళలో ముంచి ఉంచండి, నాలుకతో ఒకణ్ణి లాక్కున్నాకే మిగతావాళ్ళకు కనబడాలి.

వెజిపిగ్మీ ఒక్కోటి పావు ఛాలెంజ్ మాత్రమే, తొమ్మిదో లెవెల్‌కు దోమ లాంటిది. ప్రతి రౌండ్‌కూ 3 హిట్ పాయింట్లు (ప్రాణబలం) తిరిగొస్తాయి, చలి, నిప్పు, నెక్రోటిక్ (ప్రాణం పీల్చే శక్తి) తగిలితే ఆ రౌండ్‌కు రావు. గుంపులుగా, సిబ్బంది గదుల్లోంచి, వెనక నుంచి వస్తేనే పస. అసలు భయం రస్సెట్ మోల్డ్ అనే బూజు. చూడ్డానికి తుప్పులా ఉంటుంది, లోహపు ఓడలో తుప్పును ఎవరూ అనుమానించరు. దాని విషంతో పోయిన మనిషి 24 గంటల్లో వెజిపిగ్మీగా లేస్తాడు. సిబ్బంది ఏమయ్యారని ప్లేయర్లు అడుగుతారు. వాళ్ళు రోగంతో పోయారన్నది మాడ్యూల్ చెప్పే జవాబు, దాన్ని ఈ బూజుతో కలిపేయకండి.

మొద్దు మీది కుందేలును (చెట్టు మొద్దులా కనిపించే రాక్షసి పెట్టే ఎర అది) మాత్రం ఎవరూ మాడ్యూల్ నుంచి కొయ్యొద్దు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది పనిచేస్తుంది.

గ్రాఫ్‌పేపర్:
అందరికీ థ్యాంక్స్. ఇంకొక్కటి: గుడ్‌మన్ గేమ్స్ 2019లో తెచ్చిన పుస్తకం కొనాలా, పాతదాన్నే మార్చుకోవాలా?

మీటలమనిషి:
అందులో పాత పుస్తకమూ ఉంది, ఫిఫ్త్ ఎడిషన్‌కు మార్చిందీ ఉంది. గణాంకాలు రాసుకునే ఓపిక లేకపోతే అదే తీసుకోండి. ఓపిక ఉంటే పాత పీడీఎఫ్, వోలోస్ గైడ్, డంజన్ మాస్టర్స్ గైడ్ ఈ మూడూ సరిపోతాయి. ఏది కొన్నా బొమ్మలు మాత్రం విడిగా ప్రింట్ తీయాల్సిందే.

నాలుగోగోడ:
డిస్క్‌ల లెక్క రాసే కాగితం కూడా ఒకటి. దాన్ని తెర వెనకే ఉంచుకోండి.